చదువుకుంటూనే స్టార్టప్: ఐడియాను కంపెనీ దాకా తీసుకెళ్లడం ఎలా?

స్టార్టప్ పెడతామంటూ వచ్చే విద్యార్థుల దగ్గర చాలాసార్లు అన్నీ సిద్ధంగా ఉంటాయి. పేరు ఖాయమై ఉంటుంది, లోగో గీయించి ఉంటారు, ఇరవై స్లైడ్లు తయారై ఉంటాయి. ఎవరు సీఈఓ, ఎవరు సీటీఓ అన్నది కూడా పంచేసుకుని ఉంటారు. "ఈ ఇబ్బంది నిజంగా పడుతున్నవాళ్లు ఎంతమందితో మాట్లాడారు?" అని అడిగితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. వాళ్లకు తెలివికీ కష్టపడే గుణానికీ లోటు లేదు. ఏది ముందు చేయాలో, ఏది తర్వాత చేయాలో ఎవరూ చెప్పలేదు, అంతే. ఆ వరుస చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఐడియా కంపెనీగా మారేది డబ్బిచ్చే మొదటి మనిషి దొరికినప్పుడే అని నేను గట్టిగా నమ్ముతాను. ఆ మనిషి దొరికేదాకా మీరు చేసే ప్రతి పనీ ఆ వెతుకులాటకే పనికిరావాలి. రిజిస్ట్రేషన్, పెట్టుబడి, ఆఫీసు తర్వాత వచ్చినా మునిగిపోయేదేమీ లేదు. పైగా విద్యార్థిగా మీకు రెండు వెసులుబాట్లు ఉన్నాయి. ఒక సెమిస్టర్ తిరిగాక ఐడియా తప్పని తేలినా మీ చదువు మీకుంటుంది, వచ్చే సెమిస్టర్‌లో ఇంకోటి చూడొచ్చు. రెండోది, "ఒక ప్రాజెక్టు కోసం మీతో ఇరవై నిమిషాలు మాట్లాడాలి" అని విద్యార్థి అడిగితే కాదనేవాళ్లు తక్కువ. అదే మాట సేల్స్‌మన్ అడిగితే గుమ్మం దాటనివ్వరు. కాలేజీ గుర్తింపు కార్డు చేతిలో ఉన్నన్నాళ్లే ఈ రెండో వెసులుబాటు, కాబట్టి ఇప్పుడే వాడుకోండి.

ముందు ఒక్క వాక్యం రాయండి

స్లైడ్లు పక్కన పెట్టి ఒక కాగితం తీసుకోండి. ఈ ఖాళీలు నింపండి: "ఫలానా వాళ్లకి, ఫలానా సందర్భంలో, ఫలానా ఇబ్బంది వస్తుంది. ప్రస్తుతానికి దాన్ని ఇలా నెట్టుకొస్తున్నారు." ఇందులో మీ యాప్ పేరు గానీ, టెక్నాలజీ గానీ రాకూడదు.

"ఫలానా వాళ్లు" అన్న చోట "అందరూ", "యువత", "చిన్న వ్యాపారులు" అని రాస్తే మళ్లీ రాయండి. రేపు పొద్దున ఏ తలుపు తట్టాలో ఆ మాట చూడగానే తెలియాలి. "ఒకే డాక్టరు, ఒకే రిసెప్షనిస్టు ఉన్న పళ్ల క్లినిక్‌లు" అంటే తెలుస్తుంది. "ఆరోగ్య రంగం" అంటే తెలియదు.

అన్నిటికన్నా ముఖ్యమైన ఖాళీ చివరిది. ఇబ్బంది నిజమైతే జనం దాన్ని ఏదో ఒక రకంగా నెట్టుకొస్తూనే ఉంటారు. నోటు పుస్తకంలో రాసుకుంటారు, ఎక్సెల్ షీట్ పెట్టుకుంటారు, ఎవరినో బతిమాలుకుంటారు, ఒక మనిషిని అదనంగా పెట్టుకుంటారు. అలాంటి అవస్థ ఏదీ కనిపించకపోతే ఆ ఇబ్బంది వాళ్లను పెద్దగా బాధపెట్టడం లేదన్నమాట. అప్పుడు మీరెంత మంచి వస్తువు చేసినా దానికోసం జేబులో చెయ్యి పెట్టరు.

తర్వాత వెళ్లి మాట్లాడండి, కానీ ఐడియా చెప్పకండి

అమెరికాలో పరిశోధనలకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 2011లో ఐ-కోర్ అనే శిక్షణ మొదలుపెట్టింది. విశ్వవిద్యాలయాల్లో పరిశోధన చేసేవాళ్లు తమ పనిని వ్యాపారంగా మార్చుకోవడానికి సాయపడటం దాని పని. అందులో చేరిన జట్లు కొద్ది వారాల్లోనే దాదాపు వంద మందితో మాట్లాడి రావాలి. అంతటి శాస్త్రవేత్తల్ని కూడా ముందు ల్యాబ్ బయటికి పంపిస్తున్నారంటే కారణం ఒకటే. కొనేవాడి మనసులో ఏముందో ల్యాబ్‌లో కూర్చుంటే తెలియదు.

మీరు వంద మందితో మొదలుపెట్టనక్కర్లేదు, పదిహేను మందితో మొదలుపెట్టండి. స్నేహితులు, బంధువులు ఈ లెక్కలోకి రారు. వాళ్లు మీ మీద ప్రేమతో "బాగుంది" అంటారు.

ఇక్కడ ఒక జట్టును ఊహించుకుందాం. ఇద్దరు విద్యార్థులు. పళ్ల డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుని రాకుండా ఉండిపోయేవాళ్లు చాలామంది ఉంటారని విన్నారు. రోగులకు గుర్తుచేసే యాప్ ఒకటి చేద్దామనుకున్నారు. క్లినిక్‌కి వెళ్లి "మీ పేషెంట్లకు గుర్తుచేసే యాప్ ఉంటే వాడతారా?" అని అడిగితే జవాబు ముందే తెలుసు. "తప్పకుండా వాడతాం, చేయండి" అంటారు. ఆ మాటకు విలువ లేదు. రేపటి గురించి అడిగితే ఎవరైనా మర్యాదగానే జవాబిస్తారు.

నిన్నటి గురించి అడగాలి. "నిన్న ఎవరైనా రాకుండా ఉండిపోయారా మేడమ్? అప్పుడు మీరేం చేశారు?"

ఆ ప్రశ్నకు రిసెప్షనిస్టు రిజిస్టర్ ఇటు తిప్పి చూపిస్తుంది. పేర్లన్నీ పెన్సిల్‌తో రాసి ఉంటాయి. పదకొండున్నర గడి దగ్గర చెరిపి చెరిపి కాగితం పల్చబడిపోయి ఉంటుంది. బల్ల మీద అద్దం కింద ఒక చీటీ ఉంటుంది, అందులో ఏడు పేర్లు, ఫోన్ నంబర్లు. "ఇవెవరివి?" అంటే, "పిలిస్తే అరగంటలో రాగలిగేవాళ్లు బాబూ. నిన్న ఒకాయన రాలేదు. ఈ చీటీ పట్టుకుని ఫోన్లు చేశాను. ముగ్గురు ఎత్తలేదు, నాలుగో ఆవిడ వస్తానంది. ఈలోగా కౌంటర్ దగ్గర నలుగురు నిలబడిపోయారు, డాక్టరుగారు లోపల్నుంచి కేకేశారు" అంటుంది. మరి ముందురోజు గుర్తుచేయరా అంటే, "నేనే మెసేజ్ పెడతానుగా. మర్చిపోయి మానేసేవాళ్లు తక్కువే. ఆ పూటకి ఏదో పని తగులుతుంది, అంతే" అంటుంది.

ఆ ఇద్దరూ చేయాలనుకున్న యాప్ అక్కడికక్కడే అనవసరమైపోయింది. దానికన్నా విలువైనది ఆ చీటీ రూపంలో దొరికింది. అసలు ఇబ్బంది గుర్తుచేయడం దగ్గర లేదు, ఖాళీ పడిన గంటను అరగంటలో నింపడం దగ్గర ఉంది. యాప్ గురించి ముందే చెప్పి ఉంటే ఆ చీటీ అద్దం కిందే ఉండిపోయేది.

ఇలాంటి సంభాషణల్లో మూడు ప్రశ్నలు దగ్గర పెట్టుకోండి. కిందటిసారి ఇలా ఎప్పుడు జరిగింది? అప్పుడు ఏం చేశారు, ఎంత సమయం పోయింది, ఎంత డబ్బు పోయింది? దీన్ని సరిచేసుకోవడానికి ఇంతకుముందు ఏమైనా ప్రయత్నించారా? చివరికి ఒకమాట: "ఇంకెవరితో మాట్లాడితే బాగుంటుంది?" వాళ్లు ఫోన్ తీసి ఎవరి నంబరో ఇచ్చారంటే మీ పని మీద నిజంగానే నమ్మకం కుదిరిందని అర్థం. విన్నది ఆ రాత్రే రాసుకోండి, వాళ్లు వాడిన మాటల్లోనే రాసుకోండి. "షెడ్యూలింగ్ సమస్య" అని సర్దేస్తే విషయం జారిపోతుంది. "డాక్టరుగారు లోపల్నుంచి కేకేశారు" అని రాసుకుంటే, ఆరు నెలల తర్వాత మీ వెబ్‌సైట్ మీద ఏం రాయాలో కూడా అందులోంచే దొరుకుతుంది.

మాట్లాడుతూ పోతే ఐడియా మారిపోతుంది. అందుకు బాధపడకండి. 2005లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో చివరి ఏడాది చదువుతున్న స్టీవ్ హఫ్‌మన్, అలెక్సిస్ ఒహానియన్ కొత్త స్టార్టప్‌లకు పెట్టుబడి, సలహా ఇచ్చే వై కాంబినేటర్ అనే అప్పుడే మొదలైన సంస్థకి దరఖాస్తు పెట్టారు. మొబైల్ ఫోన్ నుంచి భోజనం ఆర్డర్ చేసే పద్ధతి వాళ్ల ఐడియా. దాన్ని తిరస్కరించారు. మర్నాడే ఆ సంస్థ స్థాపకుల్లో ఒకరైన పాల్ గ్రాహం ఫోన్ చేసి, ఐడియా మార్చుకుంటే మిమ్మల్ని తీసుకుంటాం అన్నాడు. వాళ్లు మార్చుకుని చేసినదే రెడిట్ అనే చర్చల వెబ్‌సైట్.

కోడ్ రాయకముందు చేత్తో చేసి చూడండి

ఇంజినీరింగ్ విద్యార్థులకు మింగుడుపడనిది ఈ అడుగే. చేతిలో విద్య ఉంది కాబట్టి వెంటనే తయారు చేసేయాలనిపిస్తుంది. కొన్నాళ్లు ఓపిక పట్టండి.

2013 జనవరిలో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు కొందరు పాలో ఆల్టో డెలివరీ అనే సాదాసీదా వెబ్ పేజీ ఒకటి పెట్టారు. అందులో రెస్టారెంట్ల మెనూల పీడీఎఫ్‌లు, ఒక ఫోన్ నంబరు తప్ప ఇంకేమీ లేవు. ఎవరైనా ఫోన్ చేస్తే ఆర్డరు రాసుకుని, వాళ్లే వెళ్లి తెచ్చి, వాళ్లే ఇంటికి చేర్చేవాళ్లు. క్లాసుల మధ్య ఖాళీల్లో చేసిన ఆ పనే భోజనం ఇంటికి చేర్చే డోర్‌డాష్ కంపెనీ అయింది, 2020 డిసెంబరులో స్టాక్ మార్కెట్‌కి వెళ్లింది. అంతకు చాలాముందు, 1999లో, నిక్ స్విన్‌మర్న్ షూ దుకాణాలకు వెళ్లి ఫొటోలు తీసుకుని వెబ్‌సైట్‌లో పెట్టాడు. ఆర్డరు వచ్చాక అదే దుకాణంలో కొని పంపేవాడు. నెట్‌లో షూలు కొంటారా లేదా అన్నది గోడౌన్ నింపకుండానే తెలిసిపోయింది. అలా పుట్టింది జాపోస్ అనే ఆన్‌లైన్ షూ దుకాణం.

మన క్లినిక్ జట్టు కూడా అదే చేయాలి. "రేపట్నుంచి గంట ఖాళీ పడగానే మాకొక మెసేజ్ పెట్టండి మేడమ్. ఫోన్లు మేం చేస్తాం, మనిషిని మేం పంపిస్తాం." రెండు వారాలు ఇద్దరూ వంతులవారీగా ఫోన్ దగ్గర కూర్చుంటారు. మొదటి రోజే తెలిసొస్తుంది, మధ్యాహ్నం రెండింటికి ఎవరూ ఫోన్ ఎత్తరని. నాలుగో రోజుకి ఇంకోటి తెలుస్తుంది, ఫోన్ కన్నా మెసేజ్‌కే తొందరగా జవాబొస్తుందని. ఇవన్నీ కోడ్ రాసేశాక తెలిసి ఉంటే రాసిందంతా మళ్లీ తిరగరాయాల్సి వచ్చేది.

ఒక జాగ్రత్త. రోగుల పేర్లు, నంబర్లు మీ చేతికి రావాలంటే డాక్టరు అనుమతి ఉండాలి, ఆ రోగుల సమ్మతి ఉండాలి. ఆరోగ్యం, పిల్లలు, డబ్బు లావాదేవీలు ఈ మూడింటికి సంబంధించిన వివరాలకు చాలా దేశాల్లో ప్రత్యేకమైన చట్టాలున్నాయి. "మేం విద్యార్థులం, ప్రయోగం చేస్తున్నాం" అన్న కారణం అక్కడ చెల్లదు. ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

డబ్బు అడగండి

చాలా జట్లు ఆగిపోయేది ఇక్కడే. ఉచితంగా ఇచ్చినంతకాలం అందరూ మెచ్చుకుంటారు, అది తీయగా ఉంటుంది. డబ్బు అడిగితే ఆ మెప్పు పోతుందేమోనని భయం వేస్తుంది. ఆ భయం సహజమే, కానీ అడగకుండా నెలలు గడిపితే మీ దగ్గర మిగిలేది మెప్పు ఒక్కటే.

మొదలుపెట్టిన రోజే చెప్పండి: "రెండు వారాలు ఉచితం. ఆ తర్వాత నింపిన ప్రతి గంటకు ఇంత." తర్వాత హఠాత్తుగా అడిగితే ఇబ్బందిగా ఉంటుంది, ముందే చెబితే ఉండదు. ఎంత అడగాలన్నది మీకు అయిన ఖర్చును బట్టి తేల్చకండి. ఒక గంట ఖాళీ పోతే క్లినిక్‌కి ఎంత నష్టమో కనుక్కుని, అందులో చిన్న భాగం అడగండి. ఇంకోటి, వాడేవాళ్లు వేరు, డబ్బిచ్చేవాళ్లు వేరు కావచ్చు. రిసెప్షనిస్టుకు మీ పని ప్రాణం లేచొచ్చినంత హాయిగా ఉండొచ్చు, కానీ చెక్కు మీద సంతకం డాక్టరుది. ఆయనకు చెప్పేటప్పుడు రిసెప్షనిస్టు అలసట గురించి కాక, నెలలో నిండిన గంటల లెక్క కాగితం మీద పెట్టి చూపించాలి.

పదిమందిని అడిగితే ఇద్దరు ఇచ్చారనుకోండి. ఆ ఇద్దరినీ పట్టుకుని, మిగతా ఎనిమిది మందికీ వీళ్లకీ తేడా ఏమిటో తెలుసుకోండి. రోజుకు ఎంతమంది వస్తారు, ఎన్నేళ్ల క్లినిక్, డాక్టరు ఒక్కరేనా? తేడా ఎక్కడుందో అక్కడే మీ మార్కెట్ ఉంది. పదిలో ఒక్కరు కూడా ఇవ్వకపోతే మొదటి వాక్యం దగ్గరికి వెనక్కి వెళ్లండి. మీరు పోగొట్టుకున్నది కొన్ని వారాలే.

స్నేహితులైనా సరే, రాసుకోండి

జట్టు గురించి కాస్త వివరంగా చెప్పాలి. మంచి ఐడియాలు మార్కెట్‌లో ఓడిపోవడం కన్నా హాస్టల్ గదిలో పాడైపోవడం చూస్తే నాకు ఎక్కువ బాధ కలుగుతుంది.

స్నాప్‌చాట్ కథ మీరు వినే ఉంటారు. 2011లో స్టాన్‌ఫర్డ్‌లో ముగ్గురు స్నేహితుల మధ్య మొదలైంది. మాయమైపోయే ఫొటోల ఆలోచన తనదేనని, తనను పక్కకు నెట్టేశారని మూడో స్నేహితుడు 2013లో కోర్టుకెళ్లాడు. 2014లో రాజీ కుదిరింది. 2017లో కంపెనీ షేర్ల జారీకి ఇచ్చిన పత్రాల్లో ఆ రాజీ మొత్తం బయటపడింది, 15.75 కోట్ల డాలర్లు. మొదట్లోనే ఎవరి వాటా ఎంతో రాసుకుని ఉంటే అంతదాకా వెళ్లేది కాదు.

అందరికీ సమానం అని ఐడియా వచ్చిన రాత్రే పంచేసుకోవడం చాలామంది చేసే పని. సమాన వాటాలో తప్పు లేదు, మాట్లాడుకోకుండా పంచుకోవడంలో ఉంది. కూర్చుని ఈ ప్రశ్నలకు ఒక్కొక్కరు విడిగా జవాబులు రాసి, తర్వాత కలిపి చదవండి. వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలవు? చదువయ్యాక మంచి ఉద్యోగం వస్తే ఏం చేస్తావు? జీతం లేకుండా ఎన్ని నెలలు ఉండగలవు? ఇద్దరి మాట కలవకపోతే ఎవరి మాట చెల్లాలి? ఈ జవాబులు చదివినప్పుడు ఒక్కోసారి గది నిశ్శబ్దమైపోతుంది. ఆ నిశ్శబ్దం ఇప్పుడు రావడమే మంచిది.

వాటా ఎంతైనా అది ఒకేసారి చేతికి రాకుండా, పనిచేసిన కాలాన్ని బట్టి వచ్చేలా రాసుకోండి. దీన్ని వెస్టింగ్ అంటారు. స్టార్టప్‌లలో మామూలుగా నాలుగేళ్ల వెస్టింగ్ పెడతారు, మొదటి ఏడాది నిండేదాకా ఏమీ రాదు. లెక్క చూడండి. మీ జట్టులో ఒకరికి 40 శాతం వాటా అనుకుందాం. పది నెలలకు వెళ్లిపోతే సున్నా. పద్దెనిమిది నెలలకు వెళ్లిపోతే 48 నెలల్లో 18 నెలల భాగం, అంటే ఆ 40లో 15, కంపెనీలో 15 శాతం వాటా అతనిది. మిగతా 25 కంపెనీకి తిరిగి వస్తుంది, ఆ పని చేయబోయే కొత్త మనిషికి ఇవ్వడానికి ఉంటుంది. వెస్టింగ్ లేకపోతే ఉద్యోగంలో చేరి వెళ్లిపోయిన స్నేహితుడి పేరు మీద 40 శాతం అలాగే ఉండిపోతుంది. అలాంటి కంపెనీలో పెట్టుబడి పెట్టడానికి ఎవరూ ముందుకు రారు. స్నేహితుల మధ్య కాగితాలేమిటని మొహమాటపడకండి. స్నేహం నిలవాలంటేనే ఆ కాగితం కావాలి.

మీరు చేసింది మీదేనా?

విద్యార్థులకు మాత్రమే ఎదురయ్యే చిక్కు ఇది. మీ ఐడియా మీ గదిలో, మీ ల్యాప్‌టాప్ మీద, మీ ఖాళీ సమయంలో పుట్టిందా? లేక కాలేజీ ల్యాబ్‌లో, గైడ్ పరిశోధనలో భాగంగా, గ్రాంటు డబ్బుతో పుట్టిందా? రెండో దారిలో పుట్టింది ఏదైనా విశ్వవిద్యాలయానిది అయ్యే అవకాశం ఎక్కువ.

గూగుల్‌కు కూడా ఈ ప్రశ్న వచ్చింది. వెబ్ పేజీల ప్రాధాన్యం లెక్కగట్టే పేజ్‌ర్యాంక్ పద్ధతి గూగుల్ స్థాపకుల్లో ఒకరైన లారీ పేజ్ స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చేస్తుండగా వచ్చింది, కాబట్టి పేటెంట్ స్టాన్‌ఫర్డ్ పేరు మీదే వచ్చింది. గూగుల్ దాన్ని వాడుకునే హక్కు తీసుకుని, బదులుగా 18 లక్షల షేర్లు విశ్వవిద్యాలయానికి ఇచ్చింది. 2005 నాటికి స్టాన్‌ఫర్డ్ వాటిని దాదాపు 33.6 కోట్ల డాలర్లకు అమ్ముకుంది. అంటే హక్కు కాలేజీది అయినంత మాత్రాన దారి మూసుకుపోదు. ముందే అడిగి, లైసెన్స్ మాట్లాడుకుంటే సరిపోతుంది. దాచిపెడితేనే తర్వాత పెట్టుబడిదారుడి లాయరు అడిగినప్పుడు చిక్కు.

కాబట్టి మీ కాలేజీ మేధో సంపత్తి విధానం, అంటే అక్కడ కనిపెట్టినవాటి మీద హక్కు ఎవరిదో చెప్పే నియమాల కాపీ తీసుకుని చదవండి. ఇంటర్న్‌షిప్ చేసి ఉంటే అక్కడ సంతకం పెట్టిన ఒప్పందం కూడా వెతికి చదవండి. హ్యాకథాన్‌లో పాల్గొనేముందు దాని నియమాలూ చూడండి. మీరు కనిపెట్టింది పేటెంట్‌కు పనికొచ్చేదైతే ఇంకో సంగతి ఉంది. యూరప్‌లో, దరఖాస్తు వేయకముందే మీరు బయట చూపించేస్తే పేటెంట్ అవకాశం మామూలుగా పోయినట్టే. అమెరికాలో ఏడాది గడువిస్తారు. ప్రాజెక్టు ఎగ్జిబిషన్‌లో పోస్టర్ పెట్టడం, థీసిస్ అందరికీ అందుబాటులో ఉంచడం కూడా బయట చూపించడం కిందికే రావచ్చు. పోస్టర్ ప్రింట్‌కు ఇచ్చేముందు కాలేజీలో పేటెంట్ల పని చూసేవాళ్లను ఎవరినైనా ఒక్కసారి అడగండి.

ఇప్పుడు రిజిస్టర్ చేయండి

రిజిస్ట్రేషన్ ఇంత ఆలస్యంగా ఎందుకు చెబుతున్నానంటే, కంపెనీ పుట్టిన రోజు నుంచే ఖర్చు మొదలవుతుంది. లెక్కలు రాయాలి, ఏటా పత్రాలు దాఖలు చేయాలి, వ్యాపారం లేకపోయినా చాలాచోట్ల ఇవి తప్పవు. మూసేయడానికి కూడా వేరే తతంగం ఉంటుంది. మరి ఎప్పుడు చేయాలి? కస్టమరు మీతో ఒప్పందం రాసుకుంటానన్నప్పుడు, బయటి మనిషిని పనిలో పెట్టుకునేటప్పుడు, మీ పనిలో పొరపాటు జరిగితే ఎవరికైనా నష్టం కలిగే ప్రమాదం ఉన్నప్పుడు, ఎవరైనా డబ్బు పెడతామన్నప్పుడు.

1998 ఆగస్టులో సన్ మైక్రోసిస్టమ్స్ అనే కంప్యూటర్ కంపెనీ స్థాపకుల్లో ఒకరైన ఆండీ బెక్టోల్‌షైమ్, గూగుల్ స్థాపకులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ చేసి చూపించింది చూసి అక్కడికక్కడే లక్ష డాలర్ల చెక్కు రాసిచ్చాడు. గూగుల్ ఇంక్ పేరు మీద రాశాడు. అప్పటికి ఆ పేరుతో కంపెనీయే లేదు, బ్యాంకు ఖాతా లేదు. చెక్కు కొన్నాళ్లు అలాగే ఉంచుకుని, సెప్టెంబరు 4న కంపెనీ రిజిస్టర్ చేశారు. చేసి చూపించగలిగింది చేతిలో ఉంది కాబట్టి కాగితం పని వెనకాల వచ్చింది.

పరిమిత బాధ్యత ఉన్న రూపమే ఎంచుకోండి. కంపెనీ అప్పులకు మీ సొంత ఆస్తి, ఇంట్లోవాళ్ల ఆస్తి బలికాకుండా అది కాపాడుతుంది. అయితే అప్పు పత్రం మీద వ్యక్తిగత హామీ సంతకం పెడితే ఆ రక్షణ ఆ మేరకు పోతుంది, కాబట్టి చదవకుండా ఎక్కడా సంతకం పెట్టకండి. రిజిస్టర్ అయిన వారంలోనే కంపెనీ పేరిట వేరే బ్యాంకు ఖాతా తెరవండి, మీ జేబు ఖర్చు ఆ ఖాతాలో కలపకండి. జట్టులో ప్రతి ఒక్కరూ ఇప్పటిదాకా చేసిన కోడ్, డిజైన్, పేరు అన్నీ కంపెనీకి రాసిచ్చే ఒప్పందం మీద సంతకం పెట్టాలి. మధ్యలో వచ్చి లోగో చేసిపెట్టి వెళ్లిన స్నేహితురాలి దగ్గర కూడా తీసుకోండి. చదువు కోసం వేరే దేశంలో ఉంటున్నవాళ్లు వీసా నియమాలు తప్పనిసరిగా చూసుకోవాలి. షేర్లు ఉండటానికి అనుమతి ఉన్నా, అదే కంపెనీలో పనిచేయడానికి ఉండకపోవచ్చు.

బయటి డబ్బు

పెట్టుబడి రావడాన్ని చాలామంది గెలుపుగా చూస్తారు. అది ఒక అమ్మకం. మీ కంపెనీలో కొంత ముక్క అమ్ముతున్నారు. అందుకే వరుస ఇలా పెట్టుకోండి: ముందు కస్టమర్ల డబ్బు, తర్వాత వాటా అడగని గ్రాంట్లు, పోటీల బహుమతులు, ఆ తర్వాతే వాటా తీసుకునే పెట్టుబడి. కొత్త స్టార్టప్‌లకు చోటు, సలహా ఇచ్చే ఇంక్యుబేటర్‌లో చేరేముందు వాళ్లు వాటా అడుగుతారా, ఎంత అడుగుతారు, బదులుగా ఏమిస్తారు అని కనుక్కోండి. అంతకుముందు అక్కడ చేరిన రెండు జట్లతో మాట్లాడితే బ్రోచర్‌లో లేనివి తెలుస్తాయి.

తొలి దశ పెట్టుబడులకు సేఫ్ అనే ఒప్పందం బాగా వాడుకలో ఉంది. వై కాంబినేటర్ 2013లో తెచ్చింది. ఇప్పుడు డబ్బిస్తారు, తర్వాతి పెట్టుబడి వచ్చినప్పుడు అది షేర్లుగా మారుతుంది. అప్పటిదాకా వాటా కనిపించదు కాబట్టి ఏమీ ఇవ్వనట్టే అనిపిస్తుంది, అందులోనే పొరపాటు పడతారు. ఇద్దరికీ చెరో 50 శాతం ఉందనుకోండి. ఒక సేఫ్ 10 శాతంగా మారితే చెరో 45 అవుతుంది. చిన్న చిన్న సేఫ్‌లు నాలుగు తీసుకుని అవన్నీ కలిసి 30 శాతమైతే చెరో 35 మిగులుతుంది, ఆ మీద కొత్త పెట్టుబడిదారుడి వాటా కూడా పోవాలి. ప్రతి సంతకానికి ముందు ఈ లెక్క ఒక కాగితం మీద వేసుకోండి.

చదువు సంగతి

చదువు మానేసి గెలిచినవాళ్ల కథలు అందరికీ తెలుసు. వాటిలో జనం పట్టించుకోని వివరం ఒకటుంది. డెల్ కంప్యూటర్ల కంపెనీ పెట్టిన మైఖేల్ డెల్ 1984లో టెక్సాస్ విశ్వవిద్యాలయం హాస్టల్ గదిలో కంప్యూటర్లు మెరుగుపరిచి అమ్ముతూ, కొనేవాళ్లు వరసగా వస్తున్నారని చూశాకే చదువు వదిలాడు. పేజ్, బ్రిన్ పీహెచ్‌డీకి సెలవు పెట్టి వెళ్లారు. మీ కాలేజీలో కూడా సెలవు పెట్టి మళ్లీ చేరే వీలుందేమో కనుక్కోండి. ఉంటే, మానేయడం అన్న మాటే అక్కర్లేదు. ఇంట్లో చెప్పేటప్పుడు కూడా "మానేస్తాను" అనే బదులు, ఎంతమంది డబ్బిస్తున్నారో, ఎన్ని నెలలు సెలవు కావాలో, ఆ గడువులోగా ఏది జరగకపోతే తిరిగి చదువులో చేరతారో రాసి చూపించండి. అమ్మానాన్నల టెన్షన్ సగం తగ్గేది ఆ మూడో మాటకే.

పూర్తిగా ఇటు దిగే సమయం వచ్చిందా లేదా అని తేల్చుకోవడానికి విద్యార్థులకు మంచి అవకాశం ఏటా రెండుసార్లు వస్తుంది. పరీక్షల వారం. ఆ వారం ముందే అందరికీ చెప్పి సేవ ఆపేయండి. ఏం జరుగుతుందో చూడండి. వారమంతా ఒక్క ఫోన్ కూడా రాకపోతే, మీరున్నా లేకపోయినా వాళ్ల పని సాగిపోతోందన్నమాట. పరీక్షలయ్యాక మళ్లీ పదిహేను మంది దగ్గరికి వెళ్లాలి. అలా కాక, రెండో రోజు మధ్యాహ్నం పరీక్ష హాల్లోంచి బయటికొచ్చి ఫోన్ ఆన్ చేయగానే క్లినిక్ నుంచి నాలుగు మిస్డ్ కాల్స్, కింద ఒక మెసేజ్ ఉన్నాయనుకోండి: "బాబూ, పరీక్షలని తెలుసు. కానీ పన్నెండింటి గంట ఖాళీ పడింది, ఎవరైనా దొరుకుతారా?" ఆ సాయంత్రమే మీ జట్టును పిలిచి, సెలవు దరఖాస్తు గురించి మాట్లాడండి.